కొరియా బ్రాండు వెనక: వారంటీ కాగితం నుంచి ఆస్కార్ దాకా

1986లో హ్యుందాయ్ కంపెనీ ఎక్సెల్ అనే చిన్న కారును అమెరికా మార్కెట్లోకి దింపింది. ధర 4,995 డాలర్లు. మొదటి ఏడాదే 1,68,882 కార్లు అమ్ముడుపోయాయి. బయటి దేశం నుంచి కొత్తగా వచ్చిన కంపెనీ తొలి ఏడాదిలో అన్ని కార్లు అమ్మడం అప్పటికి రికార్డు. కానీ కొన్నేళ్లు తిరక్కుండానే ఆ బళ్లు తుప్పు పట్టాయి, నడిరోడ్డు మీద మొరాయించాయి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో వాటిని అడిగే నాథుడు లేకుండా పోయాడు. టీవీ హాస్య కార్యక్రమాల్లో హ్యుందాయ్ పేరెత్తితే జనం నవ్వే పరిస్థితి వచ్చింది. దక్షిణ కొరియా సరుకంటే చవక, నాసి అన్న ముద్ర గట్టిగా పడిపోయింది.

2020 ఫిబ్రవరిలో అదే అమెరికాలో ‘పారసైట్’ అనే కొరియన్ సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. ఇంగ్లిషేతర భాషా చిత్రానికి ఆ అవార్డు దక్కడం అదే మొదటిసారి. మధ్యలో గడిచిన 34 ఏళ్ల కథను మన దగ్గర చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు: ప్రభుత్వం ప్లాన్ వేసింది, కె-పాప్‌కి డబ్బు కుమ్మరించింది, ప్రపంచం ఫిదా అయిపోయింది. ఇందులో నిజం సగమే. నినాదాలు, లోగోలు, ప్రచార చిత్రాలు, అంతర్జాతీయ వేడుకలు కొరియా కూడా బోలెడు చేసింది. వాటిలో చాలావరకు బెడిసికొట్టాయి. ఇప్పుడు పేరు కోసం తాపత్రయపడే దేశాలన్నీ కొరియాను చూసి నేర్చుకుంటున్నామంటూ కాపీ కొడుతున్నది మాత్రం వాటినే.

జరిగినదంతా వరసగా పెట్టుకుని చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ప్రభుత్వం డబ్బు పెట్టి, నిర్ణయాన్ని వేరేవాళ్లకు వదిలేసిన చోట పని జరిగింది. తానే అమ్మకందారు అవతారం ఎత్తిన చోట దాదాపు ప్రతిసారీ భంగపడింది.

పేరు అందరిదీ, ఖర్చు ఎవరిది?

అసలు దేశం పేరు గురించి ప్రభుత్వానికి పట్టింపు దేనికి? కంపెనీలు చూసుకోవా? ఇక్కడ ఒక ఆర్థికపరమైన చిక్కు ఉంది. కొనేవాడు వస్తువును విప్పి చూడలేడు. లోపల ఏముందో తెలియనప్పుడు అది ఏ దేశంలో తయారైందో చూసి అంచనా వేసుకుంటాడు. జర్మనీ యంత్రం గట్టిది, స్విట్జర్లాండ్ గడియారం నికరమైనది అనుకోవడం అలాంటిదే. ఒక కంపెనీ నాసి సరుకు పంపితే ఆ మచ్చ అదే దేశం నుంచి వచ్చే మిగతా కంపెనీలకూ అంటుకుంటుంది. ఒక కంపెనీ మంచి సరుకు పంపితే ఆ ఫలితమూ అందరికీ పంచుకుపోతుంది. కాబట్టి ఉమ్మడి పేరు కోసం సొంత డబ్బు తీసేవాడు దొరకడు.

1990ల్లో కొరియా కంపెనీలు దీనికి మూల్యం చెల్లించాయి. జపాన్ టీవీకి దీటైన టీవీని కూడా అంతకంటే తక్కువకే అమ్ముకోవాల్సి వచ్చేది. స్టాక్ మార్కెట్లోనూ అంతే లాభాలున్న విదేశీ కంపెనీ షేరు కంటే కొరియా షేరు తక్కువ పలికేది. దీన్ని ‘కొరియా డిస్కౌంట్’ అంటారు. అయితే షేర్ల విషయంలో పేరొక్కటే కారణం కాదు. కంపెనీల మీద కుటుంబాల పెత్తనం, చిన్న వాటాదారులను లెక్కచేయకపోవడం, పక్కనే ఉత్తర కొరియా ఉండటం కూడా కారణాలు. ఆ డిస్కౌంట్ మీద చర్చ నేటికీ ముగియలేదు. కె-పాప్ ఎంత పాడినా కంపెనీల పాలన మారితే తప్ప ఆ లోటు పూడదు.

పేరును కొలిచే పనికి 2005లో బ్రిటన్‌కు చెందిన సలహాదారు సైమన్ ఆన్‌హోల్ట్ ఒక సూచీ మొదలుపెట్టాడు: నేషన్ బ్రాండ్స్ ఇండెక్స్. ఎగుమతులు, పాలన, సంస్కృతి, మనుషులు, పర్యాటకం, వలస-పెట్టుబడులు అనే ఆరు విషయాల మీద పలు దేశాల జనాన్ని సర్వే చేస్తారు. ఈ సూచీలో ర్యాంకులు ఏడాదికేడాది పెద్దగా కదలవు. తమ దేశం కాని దేశం గురించి ఎవరూ రోజూ ఆలోచించరు కదా. ఒకసారి ఏర్పడిన అభిప్రాయాన్ని మార్చుకునే తీరికా అవసరమూ ఎవరికీ ఉండవు. ప్రచారానికి పెట్టిన ఖర్చుకూ ర్యాంకుకూ సంబంధం కనబడదని ఆన్‌హోల్టే చెబుతూ వచ్చాడు. 2008లో కొరియా 50 దేశాల్లో 33వ స్థానంలో ఉంది. అప్పటికి రెండేళ్లుగా శామ్‌సంగ్ ప్రపంచ టీవీ అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. సరుకు బాగుపడిన ఎన్నాళ్లకో గానీ పేరు బాగుపడదని ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

ముందు సరుకు

1995 మార్చిలో గుమి పట్టణంలోని శామ్‌సంగ్ ఫ్యాక్టరీ ఆవరణలో సుమారు 1.5 లక్షల ఫోన్లు, ఫ్యాక్స్ మెషీన్లు, ఇతర పరికరాలు గుట్టగా పోశారు. కొత్త సంవత్సర కానుకగా తాను పంచిన ఫోన్లు పనిచేయడం లేదని ఛైర్మన్ లీ కున్-హీకి తెలిసింది. ‘నాణ్యతే ముందు’ అని రాసిన పట్టీలు తలకు కట్టుకున్న 2,000 మంది కార్మికుల కళ్లముందే ఆ సరుకును సుత్తులతో పగలగొట్టి తగలబెట్టారు. విలువ సుమారు 5,000 కోట్ల వోన్లు. పుస్తకాల్లో ఈ మంట గురించే ఎక్కువ రాస్తారు. దానికంటే ముఖ్యమైన మార్పు 1993లోనే మొదలైంది. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లైన్ మొత్తాన్ని ఆపేయవచ్చు, కారణం తేలేదాకా లైన్ కదలదు. నెల టార్గెట్ కోసం లోపాలు చూసీ చూడనట్టు వదిలేసే అలవాటును విరగ్గొట్టింది ఈ ఏర్పాటే.

హ్యుందాయ్ దారి వేరు. 1998 చివర్లో అమెరికాలో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల (సుమారు 1.6 లక్షల కిలోమీటర్లు) వారంటీ ప్రకటించింది. అప్పట్లో పోటీ కంపెనీలు ఇచ్చేది దానిలో సగమో, అంతకంటే తక్కువో. ‘మా కారు మంచిది’ అని ప్రకటన ఇవ్వడానికి పైసా పూచీ అక్కర్లేదు. వారంటీ అలా కాదు, కారు చెడితే నష్టం కంపెనీదే. నాసి సరుకు తయారుచేసేవాడు ఈ మాట ఇస్తే క్లెయిములతోనే దివాలా తీస్తాడు. అందుకే కొనేవాడు ప్రకటనను నమ్మకపోయినా వారంటీని నమ్ముతాడు. షరతులు కూడా జాగ్రత్తగానే రాసుకున్నారు. పదేళ్ల హామీ మొదటి యజమానికే, కారు చేతులు మారితే అది 5 ఏళ్లు, 60 వేల మైళ్లకు తగ్గుతుంది. అరిగిపోయే భాగాలకు వర్తించదు.

ఇందులో వరసక్రమమే ప్రాణం. నాణ్యత పెంచకుండా వారంటీ పెంచితే మునుగుతారు. అప్పుడే పగ్గాలు చేపట్టిన చుంగ్ మోంగ్-కూ నెలనెలా నాణ్యత సమావేశాలు పెట్టి, లోపాల లెక్కలు తానే అడిగేవాడు. 2004లో జె.డి. పవర్ సంస్థ కొత్త కార్ల నాణ్యత సర్వేలో హ్యుందాయ్ హోండాతో సమానంగా నిలిచింది. ఎక్సెల్ వచ్చిన 18 ఏళ్లకు! 2009లో అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉన్నప్పుడు ఇంకో మాట ఇచ్చింది: మా కారు కొన్న ఏడాదిలోపు ఉద్యోగం పోతే కారు తిరిగి ఇచ్చేయండి, తీసుకుంటాం. ఆ ఏడాది అమెరికా కార్ల మార్కెట్ మొత్తం 21 శాతం పడిపోతే హ్యుందాయ్ అమ్మకాలు 8 శాతం పెరిగాయి.

ఇంత పేరు తెచ్చుకున్నాక కూడా తప్పులు జరిగాయి. 2016 సెప్టెంబర్‌లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లకు నిప్పంటుకుంటోందని శామ్‌సంగ్ 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచింది. తప్పంతా ఒక సరఫరాదారు బ్యాటరీదేనని తొందరపడి తేల్చి, రెండో సరఫరాదారు బ్యాటరీలు వేసి కొత్త ఫోన్లు ఇచ్చింది. ఆ బ్యాటరీల్లో వేరే లోపం ఉంది, వెల్డింగ్ దగ్గర. మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలాయి. అక్టోబర్‌లో ఆ మోడల్‌నే ఆపేశారు. తర్వాత 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలు విడివిడిగా పరీక్షించి, బయటి ప్రయోగశాలలతోనూ పరీక్షలు చేయించి, 2017 జనవరిలో ఫలితాలు బయటపెట్టారు. మొదటి రీకాల్ చేసిన నష్టం కంటే, కారణం పూర్తిగా తెలియకుండానే సమస్య తీరిపోయిందని చెప్పడం చేసిన నష్టం ఎక్కువ.

డబ్బు ఎలా పారింది

1994లో కొరియా అధ్యక్షుడికి శాస్త్ర సాంకేతిక సలహా మండలి ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: హాలీవుడ్ సినిమా ‘జురాసిక్ పార్క్’ సంపాదన 15 లక్షల హ్యుందాయ్ కార్ల ఎగుమతికి సమానం. సినిమాను పరిశ్రమగా చూడటం అక్కడి అధికారులకు అప్పటినుంచే అలవాటైందంటారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద మలుపు 1996 అక్టోబర్‌లో వచ్చింది. సినిమాను విడుదలకు ముందే సెన్సార్ చేయడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఈ తీర్పు లేకపోతే తర్వాత వచ్చిన డబ్బంతా పర్యాటక శాఖ ప్రచార చిత్రాల్లాంటి సినిమాలకే పోయేదేమో.

1997 చివర్లో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. అప్పు తీర్చడానికి జనం క్యూలు కట్టి ఇంట్లో బంగారం తెచ్చి ఇచ్చారు, సుమారు 227 టన్నులు. సినిమా వ్యాపారంలోకి దిగిన శామ్‌సంగ్, డేవూ వంటి పెద్ద సంస్థలు ఆ దెబ్బకు వెనక్కి తగ్గాయి. ఆ ఖాళీలోకి వెంచర్ పెట్టుబడి సంస్థలు వచ్చాయి. 1998లో అధ్యక్షుడైన కిమ్ డే-జుంగ్ సాంస్కృతిక రంగంలో ప్రభుత్వం సాయం చేయాలి గానీ జోక్యం చేసుకోకూడదన్న సూత్రం పెట్టుకున్నాడు. 1999లో సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహక చట్టం తెచ్చాడు. 2000లో సంస్కృతి పద్దు తొలిసారి బడ్జెట్‌లో 1 శాతానికి చేరింది. జపాన్ సినిమాల మీద, పాటల మీద దశాబ్దాలుగా ఉన్న నిషేధాన్ని కూడా 1998 నుంచి విడతలవారీగా ఎత్తేశాడు. మన సంస్కృతి కొట్టుకుపోతుందని చాలామంది భయపడ్డారు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. ఐదారేళ్లలో జపాన్ వాళ్లే కొరియా సీరియల్స్‌కి అతుక్కుపోయారు.

డబ్బు ఇచ్చే పద్ధతి ఎలా ఉంటుందో కాస్త వివరంగా చూడాలి. 2005లో ప్రభుత్వం ఒక పెద్ద నిధి పెట్టింది. దాన్ని వాళ్లు ‘తల్లి నిధి’ అంటారు. అందులోంచి ఏ సినిమాకూ నేరుగా డబ్బు వెళ్లదు. వెంచర్ సంస్థలు నడిపే చిన్న చిన్న నిధుల్లో ప్రభుత్వం వాటా తీసుకుంటుంది. మిగతా డబ్బు ఆ సంస్థే బయట సమకూర్చుకోవాలి. నిధిలో ఇంత శాతం సాంస్కృతిక రంగంలోనే పెట్టాలన్న షరతు ఉంటుంది. ఏ కథ, ఏ దర్శకుడు అన్నది నిధి నడిపేవాడి ఇష్టం. సినిమా పోతే అతని డబ్బూ పోతుంది, తర్వాతి నిధికి పెట్టుబడి పుట్టదు. ఇక్కడ ప్రభుత్వ అధికారి స్క్రిప్టు చదవడు. దీనిలోని లోపమూ ఊహించగలిగిందే: నిధి నడిపేవాడు పెద్ద తారలున్న సేఫ్ ప్రాజెక్టులవైపే మొగ్గుతాడు. అందుకని చిన్న సినిమాల కోసం ఫిల్మ్ కౌన్సిల్ ద్వారా విడిగా గ్రాంట్లు ఇవ్వాల్సి వచ్చింది.

తీయడం ఒక ఎత్తు, పరాయి భాషలో చూపించడం ఇంకో ఎత్తు. కొరియా ప్రభుత్వం చాలా తెలివిగా డబ్బు పెట్టింది ఇక్కడే. సీరియల్‌ను డబ్ చేయాలంటే మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి. పరిశ్రమలో దీన్ని ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. దేశంలో ప్రసారం కోసమే హడావిడిగా తీసిన పాత సీరియల్స్‌లో మాటలూ సంగీతమూ కలిసిపోయి ఉండేవి. మాటలు తీసేస్తే తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు కూడా పోతాయి. వాటిని మళ్లీ స్టూడియోలో సృష్టించాలి. ఇంకో చిక్కు పాటల హక్కులు. నేపథ్యంలో వాడిన విదేశీ పాటకు దేశంలో ప్రసారానికే అనుమతి ఉంటే, ఎగుమతి కాపీలో దాన్ని తీసి వేరే సంగీతం వేయాలి. టైటిల్స్ మీద కొరియన్ అక్షరాలు లేని కాపీ విడిగా ఉండాలి. ఇవేవీ లేకపోతే కొనేవాడు ముందుకు రాడు. ఒక్కో సీరియల్‌కు నిర్మాత ఈ ఖర్చు భరించలేడు, ఎందుకంటే కొత్త దేశంలో తొలి అమ్మకానికి వచ్చేది స్వల్పం. ఎగుమతి కోసం ట్రాక్ విడదీయడం, అనువాదం, డబ్బింగ్ పనులకు ప్రభుత్వం గ్రాంట్లు ఇచ్చింది. లాటిన్ అమెరికా, పశ్చిమాసియా వంటి చోట్ల మొదట్లో టీవీ ఛానెళ్లకు చవగ్గా, కొన్నిసార్లు ఉచితంగా కూడా సీరియల్స్ అందజేసింది. ఏం తీయాలన్నది చెప్పకుండా, తీసినదాన్ని సరిహద్దు దాటించే ఖర్చు మాత్రం తాను పెట్టుకుంది.

పాటల రంగంలో ప్రభుత్వ పాత్ర ఇంకా తక్కువ. శిక్షణ, వేషం, విదేశీ భాషలు అన్నీ ప్రైవేటు ఏజెన్సీలే చూసుకున్నాయి. టీనేజీ పిల్లలను ఏళ్ల తరబడి కట్టిపడేసే ఒప్పందాలు కూడా వాళ్లవే. ఒక గ్రూపు గాయకులు తమ 13 ఏళ్ల కాంట్రాక్టు మీద 2009లో కోర్టుకెక్కారు. అదే ఏడాది అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ గరిష్ఠంగా 7 ఏళ్ల నమూనా ఒప్పందం తెచ్చింది. ప్రభుత్వం నిజంగా చేయాల్సిన పని ఇలాంటిదే. అది ఆలస్యంగా జరిగిందన్నది నా ఫిర్యాదు.

ప్రభుత్వమే అమ్మకందారైతే

2009 జనవరిలో అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ ‘నేషన్ బ్రాండింగ్’ కోసం ఒక మండలి వేశాడు. 33వ ర్యాంకు నుంచి 2013 నాటికి 15కి చేరాలన్నది లక్ష్యం. ఆన్‌హోల్ట్ సూచీ కదలదని అర్థమయ్యాక ఒక దేశీయ పరిశోధనా సంస్థతో కలిసి సొంత సూచీ కూడా తయారుచేసుకుంది. 2013లో ప్రభుత్వం మారగానే మండలి రద్దయింది. ఈలోగా 2012లో సై అనే గాయకుడి పాట యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటిన తొలి వీడియో అయింది. ఆ మండలి ప్రణాళికలో లేని పాట అది. పైగా సియోల్‌లోని సంపన్న ప్రాంతపు డాబుసరిని ఎగతాళి చేసే పాట.

అదే కాలంలో కొరియా వంటకాలను 2017 కల్లా ప్రపంచంలో మేటి ఐదింటిలో ఒకటిగా నిలబెట్టాలని పథకం వేశారు. న్యూయార్క్‌లో ఒక ఘనమైన ప్రదర్శన రెస్టారెంట్ పెట్టాలనుకుంటే పెట్టుబడికి ప్రైవేటు వాళ్లెవరూ ముందుకు రాక అది అటకెక్కింది. మరోపక్క 2012లో సమ్‌యాంగ్ కంపెనీ తెచ్చిన మంటెక్కించే బుల్డాక్ నూడుల్స్‌ను యూట్యూబర్లు పందెం కాసి తినడం మొదలుపెట్టారు. 2024 జూన్‌లో కారం మరీ ఎక్కువని డెన్మార్క్ ఆ ప్యాకెట్లలో మూడు రకాలను మార్కెట్ నుంచి తీయించింది. ఆ వార్తతో వాటికి ఇంకా ప్రచారం వచ్చింది.

నినాదాల సంగతి మరీ దయనీయం. 2016 జూలైలో విడుదలైన ‘క్రియేటివ్ కొరియా’ లోగో ఫ్రాన్స్ వాడుతున్న ‘క్రియేటివ్ ఫ్రాన్స్’ లోగోను పోలి ఉందని గోలయింది. సృజన గురించిన నినాదానికే కాపీ ఆరోపణ! ఏడాది తిరక్కుండా దాన్ని పక్కన పెట్టేశారు.

ఇవన్నీ డబ్బు దండగతో పోయాయి. అసలు ప్రమాదం వేరే. పార్క్ గన్-హే ప్రభుత్వం తనకు గిట్టని కళాకారుల జాబితా తయారుచేసి వాళ్లకు సాయం అందకుండా చూసింది. 2016లో బయటపడిన ఆ జాబితాలో 9,473 పేర్లున్నాయి. దర్శకుడు బాంగ్ జూన్-హో, నటుడు సాంగ్ కాంగ్-హో ఈ బ్లాక్‌లిస్టులకు ఎక్కినవాళ్లే. నాలుగేళ్ల తర్వాత ‘పారసైట్’తో దేశానికి ఆస్కార్ తెచ్చింది వీళ్లిద్దరే. ఆ వ్యవహారంలో మాజీ మంత్రికి, అధ్యక్షురాలి కార్యాలయ అధిపతికి జైలు శిక్షలు పడ్డాయి. ఆ సినిమా చూపించింది కూడా ప్రభుత్వాలు దాచుకునేదాన్నే: సియోల్‌లో సగం భూమిలోకి దిగి ఉండే ఇరుకు ఇళ్లలో బతుకు. 2022 ఆగస్టు వరదల్లో అలాంటి ఇంట్లో ఒక కుటుంబం నీట మునిగి చనిపోయింది. ఆ తర్వాతే అలాంటి ఇళ్లను క్రమంగా తీసేస్తామని నగర పాలకులు ప్రకటించారు.

2023లో రెండు వరస దెబ్బలు తగిలాయి. ఆగస్టులో సేమంగుం అనే చోట సముద్రాన్ని పూడ్చిన నేల మీద ప్రపంచ స్కౌట్ జాంబోరీ (స్కౌట్ పిల్లల శిబిరం) పెట్టారు. 40 వేలకు పైగా పిల్లలు వచ్చారు. అక్కడ నీడనిచ్చే చెట్టు లేదు, వాన నీరు పోయే దారి లేదు, మరుగుదొడ్లు చాలవు. నిర్వాహక సంఘానికి ఐదుగురు ఉమ్మడి ఛైర్మన్లు ఉన్నారు కాబట్టి ఫలానావారిది బాధ్యత అనడానికి లేదు. వందలమంది వడదెబ్బకు గురయ్యారు. బ్రిటన్, అమెరికా, సింగపూర్ తమ పిల్లలను తీసుకుపోయాయి. తుపాను వస్తోందని మిగతావాళ్లనూ తరలించి, చివరికి సియోల్ స్టేడియంలో కె-పాప్ కచేరీ పెట్టి ముగించారు. నవంబర్‌లో 2030 ఎక్స్‌పో ఆతిథ్యం కోసం బూసాన్ పోటీపడింది. కె-పాప్ బృందం బీటీఎస్ ప్రచారకర్తగా ఉన్నా 29 ఓట్లే వచ్చాయి. రియాద్‌కు 119. ఓటు వేసేది అభిమానులు కాదు, ప్రభుత్వాలు. వాళ్లకు కావాల్సింది రుణాలు, పెట్టుబడులు.

చేతిలో లేనివి

2016లో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ థాడ్‌ను పెట్టుకోవడానికి కొరియా ఒప్పుకోగానే చైనా మండిపడింది. అధికారిక నిషేధం ఎక్కడా లేదు. కానీ కొరియా తారల కార్యక్రమాలు రద్దయ్యాయి, పర్యాటక బృందాలు ఆగిపోయాయి. చైనా పర్యాటకులు 2016లో 80 లక్షల మంది వస్తే 2017లో సుమారు 42 లక్షలే. ఆ వ్యవస్థకు స్థలం ఇచ్చిన లోట్టే సంస్థ చైనాలో సూపర్‌మార్కెట్లు మూసుకోవాల్సి వచ్చింది. ఒకే పెద్ద మార్కెట్ మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అమెరికా, ఆగ్నేయాసియాల మీద దృష్టి పెంచారు.

అమెరికా ఓటీటీ వేదికలకు వెళ్తే ఇంకో సమస్య. 2021లో ప్రపంచాన్ని ఊపేసిన ‘స్క్విడ్ గేమ్’ మొదటి సీజన్‌కు ఖర్చు 2.14 కోట్ల డాలర్లు. నెట్‌ఫ్లిక్స్ అంతర్గత లెక్కల్లో దాని విలువ దాదాపు 90 కోట్ల డాలర్లని పత్రికలు బయటపెట్టాయి. హక్కులన్నీ నెట్‌ఫ్లిక్స్‌వే. పేరు కొరియాకు వచ్చింది, ఆస్తి కాలిఫోర్నియా కంపెనీకి పోయింది. 2024 నుంచి చిన్న నిర్మాతల నిర్మాణ వ్యయం మీద పన్ను రాయితీని 10 నుంచి 15 శాతానికి పెంచారు. హక్కులు నిర్మాత దగ్గరే మిగలాలంటే ముందు అతని చేతిలో సొంత డబ్బు ఉండాలి.

దాచడానికీ మార్చుకోవడానికీ ఉన్న తేడాకు ఒక్క ఉదాహరణ చాలు. 1988 ఒలింపిక్స్ ముందు విదేశీయుల కంట పడకుండా కుక్కమాంసం హోటళ్లను ప్రధాన వీధుల నుంచి వెనక సందుల్లోకి నెట్టారు. సాంగ్యే-డాంగ్ వంటి బస్తీల్లో పేదల ఇళ్లు కూల్చారు. విమర్శలు ఆగలేదు. 2024 జనవరిలో పార్లమెంటు కుక్కమాంసం వ్యాపారాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. 2027 నుంచి అమలు. ఈలోగా పెంపకందారులు, హోటళ్లవాళ్లు వేరే బతుకుతెరువు చూసుకోవడానికి గడువు, సాయం ఇచ్చారు. విదేశీ ఒత్తిడి కంటే, ఇళ్లలో కుక్కలను పెంచుకునే కొత్త తరం కొరియన్ల అభిప్రాయం మారడమే దీనికి పెద్ద కారణం.

మన గడప దగ్గర

భారత్‌లో కొరియా సీరియల్స్ ముందుగా పాతుకుపోయింది మణిపూర్‌లో. 2000లో అక్కడి ఒక తీవ్రవాద సంస్థ హిందీ సినిమాలను నిషేధించింది. ఆ ఖాళీని కొరియా ప్రభుత్వ డబ్బుతో నడిచే అరిరాంగ్ ఛానెల్, సరిహద్దు దాటి వచ్చిన పైరేటెడ్ సీడీలు నింపాయి. సియోల్‌లో కూర్చుని దీన్ని ఎవరూ ప్లాన్ చేయలేదు, చేయలేరు కూడా.

తెలుగు నేల మీద కథ కార్లతో మొదలైంది. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 110 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదుర్చుకుంది. సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో తొలి కారు సెల్టోస్ వచ్చేనాటికి 30 వేలకు పైగా బుకింగులు అయిపోయాయి. అంతకుముందు ఆ పేరున్న కారు మన రోడ్ల మీద లేనే లేదు. 1998లో శాంత్రోతో వచ్చిన హ్యుందాయ్ ఇరవయ్యేళ్లు సర్వీసు సెంటర్లు నడిపి, విడిభాగాలు దొరికేలా చూసి సంపాదించిన నమ్మకం అదే గ్రూపులోని కియాకు మొదటి రోజే అక్కరకొచ్చింది. పైన చెప్పిన ఉమ్మడి పేరు లాభం ఇదే.

ఉమ్మడి పేరు నష్టాన్ని విశాఖ చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, దానంతటది గడ్డకట్టకుండా ఆపే రసాయనం సరిపడా కలుపుతూ ఉండాలి. లేకపోతే లోపలే వేడి పుట్టి ఆవిరి తన్నుకొస్తుంది. లాక్‌డౌన్‌లో ట్యాంకు నిండా ఉన్న సరుకు విషయంలో ఈ రెండు జాగ్రత్తలూ లోపించాయని, సైరన్ కూడా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లైన్ ఆపేసే ఏర్పాటు కొరియాలో శామ్‌సంగ్ 1993లోనే తెచ్చింది. కారు కొన్నవాడికి పదేళ్ల పూచీ రాసిచ్చే పద్ధతీ ఉంది. ఆ కట్టుదిట్టం విదేశాల్లోని అనుబంధ కంపెనీల ట్యాంకుల దగ్గరా, ఆ ట్యాంకుల పక్కన కాపురాలుండే జనం విషయంలోనూ కనిపించాలి. కొరియాలో ఎవరైనా తమ దేశం పేరును కొలవాలనుకుంటే కె-డ్రామా చూసే హైదరాబాద్ కాలేజీ పిల్లలతో పాటు వెంకటాపురం వాళ్లనూ అడగాలి.